ఓజోన్ వెంచురీ గాలి పీల్చకపోతే

మా వాటర్ ప్లాంటులో నీళ్లలో ఓజోన్ వాయువు కలిపే లైను చూసేది నేనే. నీళ్లు ఇరుకు గొంతులోంచి పోతూ ఆ వాయువును లోపలికి లాక్కునే గొట్టమే వెంచురీ. గాలి ఎంత పోతోందో చూపే రోటామీటరులో గోళీ అడుక్కి దిగిందంటే వెంటనే ఓజోన్ తయారుచేసే జనరేటర్‌ను అనుమానించొద్దు. దాన్ని ఆపి, రెండు నిమిషాలాగి, పంపు నడుస్తుండగానే వెంచురీ దగ్గర గాలి గొట్టం ఊడదీసి, ఆ రంధ్రానికి వేలు అడ్డం పెట్టండి. గట్టిగా లాగాలి. లాగకపోతే నీళ్లను వెంచురీ పక్కనుంచి పోనిచ్చే బైపాస్ వాల్వు కొద్దికొద్దిగా మూయండి. నీళ్లు వెంచురీ గుండా పోయేకొద్దీ లాగుడు పెరుగుతుంది. అప్పటికీ రాకపోతే అవుట్‌లెట్ వాల్వు సగం మూసి ఉందేమో చూడండి. అటు ప్రెజర్ ఉంటే సక్షన్ చచ్చిపోతుంది.

గొట్టం బిగించి, గాలిని మెషీన్ మీద రాసిన లీటర్లకే పెట్టండి. ఎక్కువ పెడితే ఓజోన్ పలచబడుతుంది, అంతే. గొట్టంలో నీటిచుక్క కనిపించిందా, నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పోయినట్టే. అది మార్చేదాకా జనరేటర్ వేయొద్దు, తడిస్తే ఖర్చు మామూలుగా ఉండదు. ఘాటు వాసన వస్తే అన్నీ ఆపేసి బయటికి రండి.