గిర్ని లేని ఊళ్లో సకినాలు

కరీంనగర్, వరంగల్, సిద్దిపేట వైపు సంక్రాంతికి సకినాలు చుట్టని ఇల్లు అరుదు. తడి బియ్యప్పిండిని చేత్తో మెలి తిప్పుతూ చుట్టి, నూనెలో వేయించే పిండివంట ఇది. హైదరాబాద్‌లో అయితే పిండివంటల దుకాణాల్లో ఏడాది పొడుగునా దొరుకుతాయి. అదే బెంగళూరులోనో పుణెలోనో అడిగితే చక్కిలాలు చేతిలో పెడతారు. చుట్టలు చుట్టలుగా రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ, చక్కిలం పొడిపిండిలో పప్పుల పిండి కలిపి గొట్టంతో వత్తేది. సకినంలో పప్పు లేదు, వెన్న లేదు, కారం లేదు, అచ్చు అసలే లేదు. బియ్యం, నువ్వులు, ఓమ (వాము), ఉప్పు. అంతే.

కొత్తగా చేసేవాళ్లకు చుట్టడమంటేనే భయం. కానీ సకినాలు ఎక్కువగా చెడేది అంతకు ముందే, పిండి దగ్గర. ఊళ్లో తడి బియ్యం గిర్నికి, అంటే పిండి మరకు, పంపిస్తే పని అయిపోతుంది. గిర్ని లేనిచోట మిక్సీతో ఆ పిండి తెచ్చుకోవడమే అసలు పని.

మొదటిసారి అరకిలో బియ్యానికి మించి పెట్టుకోవద్దు. దానికి నువ్వులు 100 గ్రాములు, ఓమ ఒక టేబుల్ స్పూను, ఉప్పు రెండు టీ స్పూన్లు, వేయించడానికి లీటరు పల్లి నూనె. నాలుగంగుళాల సకినాలు 30 నుంచి 40 దాకా వస్తాయి.

బియ్యం

పండుగకు ఊళ్లో కొత్త బియ్యమే వాడతారు. కొత్త బియ్యంలో జిగురు ఎక్కువ, చుట్టేటప్పుడు పిండి తీగ తెగదు. బయట దొరికే సోనా మసూరి తరచుగా పాతదే అయి ఉంటుంది. దానితోనూ సకినాలు వస్తాయి, కలిపేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పడతాయి, అంతే తేడా. కొనేముందు పచ్చి బియ్యమేనా అని సంచి మీద చూసుకోండి. ఉప్పుడు బియ్యం, ఇడ్లీ బియ్యం వద్దు. అవి ఒకసారి ఉడికి ఎండినవి, సకినం రాయిలా తయారవుతుంది. బాస్మతికి జిగురు చాలదు, తీగ సాగదు.

ప్యాకెట్‌లో వచ్చే పుట్టు పిండి, ఇడియాప్పం పిండి వేయించినవి. ఎంత కలిపినా ముక్కలు ముక్కలుగా విరుగుతాయి. మరీ దారి లేకపోతే మామూలు పొడి బియ్యప్పిండి మీద నీళ్లు చిలకరించి, పిడికిట పడితే ముద్దయ్యేంత తడి చేసి, మూతపెట్టి మూడు నాలుగు గంటలు ఉంచి, జల్లించి వాడొచ్చు. పని జరుగుతుంది, రుచి మాత్రం రెండో రకమే.

తడిపిండి

బియ్యం మూడు నాలుగు సార్లు కడిగి రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టండి. వేడి ప్రాంతమైతే మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. లేకపోతే బియ్యం పులిసి, సకినాలు నూనెలో త్వరగా ఎర్రబడతాయి.

పొద్దున చిల్లుల గిన్నెలో వంపి అరగంట వదిలేయండి. తర్వాత నూలుబట్ట మీద పలచగా పరచి పదిహేను, ఇరవై నిమిషాలు నీడలో ఉంచండి. ఫ్యాన్ వద్దు, ఎండ అసలే వద్దు. గుప్పెడు బియ్యం గట్టిగా పిండితే చెయ్యి చెమ్మగిల్లాలి, నీటిచుక్క రాకూడదు. అరచెయ్యి విప్పితే నాలుగు గింజలు అంటుకుని ఉండాలి. ఒక్కటీ అంటుకోలేదంటే ఎక్కువ ఆరిపోయింది. అప్పుడు కాస్త నీళ్లు చల్లి పది నిమిషాలు మూతపెట్టండి.

మిక్సీలో ఒక్కోసారి రెండు గుప్పెళ్లకు మించి వేయొద్దు. ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి పిండిలో తడి ఆవిరైపోతుంది, అడుగున అట్టకడుతుంది. ప్రతి వాయీ సన్న జల్లెడతో జల్లించి, మిగిలిన రవ్వ మళ్లీ మిక్సీలో వేయండి. బద్ధకించి రవ్వను పిండిలో వదిలేస్తే తీగ అక్కడే తెగుతుంది, వేగాక పంటికింద ఇసుకలా తగులుతుంది.

జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, పైన తడిబట్ట కప్పండి. అరకిలో బియ్యానికి సుమారు 600 నుంచి 650 గ్రాముల పిండి వస్తుంది, ఆ పెరిగిన బరువంతా నీరే. అదే రోజు వాడేయాలి. అరిసెలకూ ఇలాంటి తడిపిండే కావాలి కాబట్టి రెండూ చేసే ఆలోచన ఉంటే బియ్యం ఒకేసారి నానబెట్టుకోవచ్చు.

కలపడం

పొట్టు తీసిన తెల్ల నువ్వులు గాలించి, వడకట్టి, పచ్చివే వేయాలి. వేయించి వేస్తే నూనెలో రెండోసారి వేగి చేదెక్కుతాయి. నువ్వులు తగ్గించే ప్రయత్నం చేయొద్దు. సకినం గుల్లగా విరగడానికి కారణం అవే. ఓమ అరచేతుల్లో నలిపి వేస్తే వాసన బాగా దిగుతుంది.

నువ్వులు, ఓమ పిండి మొత్తంలో కలిపి మూడు భాగాలు చేయండి. ఒక భాగం చుట్టడం పూర్తయ్యాకే రెండోదానిలో ఉప్పు, నీళ్లు కలపాలి. అన్నీ ఒకేసారి కలిపి పెడితే చివరికి వచ్చేసరికి పిండి జారుగా అయిపోతుంది. ఒక్కో భాగానికి పావు కప్పు చన్నీళ్లతో మొదలుపెట్టి, తర్వాత చెంచాలతో చిలకరిస్తూ అరచేతి మడమతో ఐదారు నిమిషాలు మర్దించండి. వేడినీళ్లు పోస్తే పిండి ఉడికినట్టై బంకగా మారుతుంది, నూనె పీలుస్తుంది.

చపాతీ ముద్దకంటే మెత్తగా ఉండాలి. కొంచెం తీసి వేళ్ల మధ్య నుంచి జారవిడిస్తే నాలుగైదు అంగుళాల తీగ తెగకుండా వేలాడాలి. అంచులు పగులుతుంటే నీళ్లు చాలలేదు. తీగ బట్టమీద పడగానే చదునైపోతే ఎక్కువయ్యాయి. అప్పుడు నీళ్లు కలపకుండా పక్కన దాచుకున్న తడిపిండి ఒక గుప్పెడు కలపాలి. అందుకే ఆ గుప్పెడు ముందే తీసిపెట్టుకోవడం మంచిది.

చుట్టడం

కింద పాత నూలు చీరో, రంగు దిగని దుప్పటో రెండు మడతలు పరవండి. ప్లాస్టిక్ కాగితం, బేకింగ్ పేపర్ పనికిరావు. అవి చెమ్మ పీల్చవు, సకినం అడుగు పచ్చిగానే ఉండిపోయి ఎత్తేటప్పుడు విరుగుతుంది.

నిమ్మకాయంత ముద్ద కుడిచేతిలో పట్టండి. ముద్ద అరచేతిలో, చివరి రెండు వేళ్ల కింద ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పిండిని నలుపుతూ మెలి తిప్పుతూ వదలాలి. వేళ్లు మెలి వేస్తుంటే చెయ్యి గుండ్రంగా తిరగాలి. ముందు మధ్యలో చిన్న సున్నా, దాని చుట్టూ మూడు చుట్లు. తీగ పెన్సిల్ కంటే లావు కాకూడదు. ప్రతి చుట్టూ లోపలి చుట్టును తాకుతూ పోవాలి, సందు వదిలిన చోటే నూనెలో విడిపోతుంది. చివర నొక్కి అంటించేయండి. చేతికి నూనె రాస్తే మెలి పడదు. పిండి వేళ్లకు అంటుకుంటుంటే చెయ్యి కడిగి, తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టడమే.

మొదటి పది వంకరగా వస్తాయి. వంకర సకినాన్ని ముద్దచేసి మళ్లీ చుట్టొచ్చు, నష్టమేం లేదు. చాలా ఇళ్లలో ముందు గౌరమ్మను పెట్టుకుని ఆ తర్వాతే చుట్టడం మొదలుపెడతారు. ఆడబిడ్డ సారెలో పంపే పళ్లెమంత పెద్ద సకినం మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే వదిలేయండి. కొందరు ఒంటిరంధ్రం మురుకుల గొట్టంతో వత్తుతున్నారు. నువ్వులు అడ్డుపడి గొట్టం మొరాయిస్తుంది, పైగా మెలి ఉండదు కాబట్టి గట్టిగా వస్తాయి. తినొచ్చు గానీ సకినం అనడానికి మనసొప్పదు.

ఆరడం, వేయించడం

చుట్టినవి అరగంట నుంచి గంట ఆరాలి. పైన ముట్టుకుంటే వేలికి అంటకూడదు, లోపల మెత్తదనం ఉండాలి. చలిదేశాల్లో హీటర్ నడిచే గదిలో గాలి పొడిగా ఉంటుంది, ఇరవై నిమిషాలకే పగుళ్లు వస్తాయి. పైన పలచని బట్ట కప్పండి. చెన్నై, ముంబై లాంటి ఉక్క ఊళ్లలో దీనికి తారుమారు, గంట దాటినా ఆరవు. అడుగున పొడిబట్ట మార్చాలి.

పలచని అట్లకాడ అడుగునుంచి దూర్చి ఎత్తి, నూనె అంచునుంచి జార్చండి. పచ్చిగా ఉన్నదాన్ని వేస్తే లోపలి నీరు ఆవిరై బయటికి రాలేక పేలుతుంది, నూనె చిందుతుంది. మూకుడుకు దగ్గరగా వంగొద్దు.

నూనె మధ్యస్థపు వేడిలో, థర్మామీటర్ ఉంటే 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి రెండు మూడు సెకన్లలో తేలాలి. వేసిన వెంటనే కదపకండి. కాస్త గట్టిపడ్డాక మధ్య రంధ్రంలో సన్నని పుల్ల పెట్టి తిప్పండి. బుడగలు దాదాపు ఆగిపోతే లోపలి చెమ్మ పోయినట్టు. రంగు చూసి తీయాలనుకుంటే మోసపోతారు. సకినం లేత మీగడ రంగులోనే వేగిపోతుంది, ఎర్రబడేదాకా ఉంచితే నువ్వులు మాడతాయి. పైన రంగు వచ్చి మధ్యలో మెత్తగా ఉంటే మంట ఎక్కువైంది. నూనె కారుతుంటే మంట చాలలేదు, లేదా పిండి పులిసింది.

నిలువ

పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో పెట్టాలి. గోరువెచ్చగా మూతపెడితే తెల్లారేసరికి మెత్తబడతాయి. మూడు నాలుగు వారాలు బాగుంటాయి, ఆ తర్వాత ముక్కిన వాసన మొదలవుతుంది. మెత్తబడినవాటిని తక్కువ వేడి ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచితే మళ్లీ కరకరలాడతాయి. పార్సిల్ పంపాలంటే డబ్బా వెడల్పుకు సరిపడే కొలతలో రెండు చుట్లవి చుట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన ఖాళీ మిగలకుండా కాగితం కూరండి.

పిండి మిగిలితే రేపటికి దాచొద్దు. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పలచగా అద్ది, అక్కడక్కడా వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చండి. ఆ పూటకు సర్వపిండి సిద్ధం. మిగిలింది ఉప్పు కలిపిన పిండైతే మళ్లీ ఉప్పు వేయకండి, ఉన్నదే సరిపోతుంది.