పార్టిషన్ ప్రోగ్రాముల సైజు హద్దులను పరీక్షించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డిస్క్‌ను పార్టిషన్లుగా, అంటే విడివిడి భాగాలుగా, విభజించే ప్రోగ్రాము ఎంత పెద్ద సైజు వరకు సరిగా పనిచేస్తుందో పరీక్షించదలచినవారు ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. హద్దు దాటినప్పుడు ప్రోగ్రాము ప్రతిసారీ తప్పు చూపి ఆగిపోదు. పని పూర్తయిందని చెప్పి ముందుకు సాగిపోవచ్చు కూడా. సైజును రాసేందుకు కేటాయించిన గడిలో పట్టనంత పెద్ద సంఖ్య రాసినప్పుడు పై భాగం రాలిపోయి, మిగిలిన చిన్న సంఖ్యే అసలు సంఖ్యగా చెలామణి అవుతుంది. 3 టీబీ డిస్క్‌ను కొన్ని పాత యూఎస్‌బీ పెట్టెల్లో అమర్చితే 746 జీబీగా కనిపించడానికి కారణం ఇదే. ఆ డిస్క్ సైజులోంచి 2 టెబీబైట్లు (1000కి బదులు 1024 చొప్పున లెక్కించే టీబీలు) తీసేస్తే దాదాపు 801 జీబీ మిగులుతుంది, దాన్ని 1024 లెక్కలో చెబితే 746 అవుతుంది. అలాంటి స్థితిలో డిస్క్ చివర రాస్తున్నామనుకున్నది మొదట్లో పడి, అక్కడున్న పార్టిషన్ పట్టికను (ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసి ఉండే పట్టిక), ఫైళ్లను చెరిపేసే ప్రమాదం ఉంది.

కాబట్టి పరీక్ష మొదలుపెట్టకముందే హద్దు ఎక్కడుందో ఒక్క సెక్టారు (డిస్క్‌ను లెక్కించే అతి చిన్న ముక్క) తేడా లేకుండా లెక్క కట్టుకోవాలి. 1983 నుంచి వాడుకలో ఉన్న ఎంబీఆర్ అనే పార్టిషన్ పట్టికలో ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కేటాయించారు. వాటిలో 4 బైట్లు మొదటి సెక్టారు సంఖ్యకు, మరో 4 బైట్లు మొత్తం సెక్టార్ల లెక్కకు పోతాయి. 4 బైట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. సెక్టారు 512 బైట్లయితే 2 టెబీబైట్లకు, అంటే 21,99,02,32,55,552 బైట్లకు, సరిగ్గా 4,29,49,67,296 సెక్టార్లు కావాలి. ఆ సంఖ్య గడిలో పట్టక సున్నాగా మారిపోతుంది. అందువల్ల చివరి అంకెలు 294, 295, 296 అయిన మూడు సైజులనూ విడివిడిగా పరీక్షించాలి. "రెండు టీబీ దాటించి చూశాను, పనిచేసింది" అనడం పరీక్ష కిందికి రాదు. మొదటి సెక్టారుకు, సెక్టార్ల లెక్కకు వేర్వేరు గడులున్నాయి కనుక, ఒకటిన్నర టెబీబైట్ల దగ్గర మొదలై మరో టెబీబైటు సాగే పార్టిషన్‌ను కూడా ఎంబీఆర్‌లో రాయవచ్చు. అయితే దాన్ని అన్ని ప్రోగ్రాములూ ఒకేలా అర్థం చేసుకుంటాయని అనుకోకూడదు.

సైజును ప్రోగ్రాముకు చెప్పే పద్ధతిలోనూ పొరపాటుకు చోటుంది. పార్టెడ్, ఎఫ్‌డిస్క్ అనేవి లినక్స్‌లో పార్టిషన్లు చేసే ప్రోగ్రాములు. పార్టెడ్‌లో 2 టీబీ అంటే రెండు లక్షల కోట్ల బైట్లు, ఎఫ్‌డిస్క్‌లో 2 పక్కన టీ అక్షరం ఒక్కటే పెడితే 2 టెబీబైట్లు. ఈ రెండింటి మధ్య తేడా దాదాపు 10 శాతం. ఒకే సంఖ్య ఇచ్చామనుకుంటూ ఒకచోట హద్దుకు ఇవతలే ఆగిపోయి, మరోచోట హద్దును తాకుతాం. హద్దు పరీక్షలో సైజును ఎప్పుడూ సెక్టార్లలోనే ఇవ్వడం మేలు.

పరీక్షకు అసలు డిస్క్ వాడవలసిన అవసరం చాలావరకు ఉండదు. లినక్స్‌లో ట్రంకేట్ కమాండుతో 3 టెబీబైట్ల ఖాళీ ఫైలును క్షణంలో సృష్టించవచ్చు. దీన్ని స్పార్స్ ఫైల్ అంటారు. రాసిన భాగానికి తప్ప మిగతాదానికి డిస్క్‌పై చోటు తీసుకోదు. పార్టెడ్, ఎఫ్‌డిస్క్, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్లను డిస్క్‌పై అమర్చే ఏర్పాటు) తయారుచేసే కమాండు నేరుగా ఈ ఫైలు మీదే పనిచేస్తాయి, రూట్ అధికారం (సిస్టమ్ మొత్తంపై ఉండే పూర్తి అధికారం) అక్కర్లేదు. నా దృష్టిలో అన్నిటికంటే గట్టి జాగ్రత్త ఇదే, ఎందుకంటే డిస్కులను నేరుగా తెరిచే అనుమతి ఉన్న డిస్క్ గ్రూపులో లేని మామూలు యూజరుగా నడుస్తున్న ప్రోగ్రాము, పేరు పొరపాటున టైప్ చేసినా, అసలు డిస్క్‌ను తెరవలేదు.

రూట్ అధికారం తప్పనిసరయ్యే జీపార్టెడ్ వంటి వాటిని, 4096 బైట్ల సెక్టార్లతో లూప్ పరికరం (ఫైలునే డిస్క్‌లా చూపించే ఏర్పాటు) పెట్టే పరీక్షలను వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) లోపలే చేయాలి. ఆ మెషీన్‌కు బయటి డిస్క్‌ ఏదీ జతచేయకూడదు. సెక్టారు 4096 బైట్లైతే ఎంబీఆర్ హద్దు 16 టెబీబైట్లకు పెరుగుతుంది. అయితే మామూలుగా వాడే 4 కేబీ బ్లాకుల ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు 16 టెబీబైట్లను దాటలేదు కనుక, ఈ పరీక్షకు వాడే ఫైలును ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ మీద పెట్టాలి. లేకపోతే పరీక్షిస్తున్న ప్రోగ్రాము హద్దు కాకుండా ఆ ఫైలున్న చోటి హద్దు తగిలి, తప్పు నిర్ణయానికి వస్తాం.

స్పార్స్ ఫైలు పెరుగుతుందన్న సంగతి కూడా మరవకూడదు. ఈఎక్స్‌టీ4 మామూలు అమరికలో 1 టెబీబైటుకు ఐనోడ్ పట్టికలకే (ఫైళ్ల వివరాలుండే పట్టికలు) 16 గిబీబైట్ల చోటు కేటాయిస్తుంది. కొన్ని సందర్భాల్లో మౌంట్ చేశాక (వాడకానికి జోడించాక) లినక్స్ కెర్నెల్ ఆ పట్టికలను వెనుక నుంచి నెమ్మదిగా రాస్తూ పోతుంది. ఆ ఫైలున్న పార్టిషన్ నిండిపోతే లూప్ పరికరంలో రాత లోపాలు వస్తాయి, వాటిని చూసి నేరం ప్రోగ్రాముదేనని పొరబడతాం. పరీక్ష ఫైళ్లను సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లో పెట్టకుండా, డీయూ కమాండుతో అవి నిజంగా ఎంత చోటు తీసుకుంటున్నాయో మధ్యమధ్య చూస్తుండాలి.

నిజమైన డిస్క్ మీద పరీక్షించక తప్పనప్పుడు మిగతా డిస్కులన్నింటినీ ఊడదీయాలి. పరికరం పేరును బట్టి కాకుండా సీరియల్ నంబరును బట్టి డిస్క్‌ను గుర్తించాలి. ఒకసారి కంప్యూటర్ రీస్టార్ట్ అయినప్పుడు లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లు తారుమారైన సంగతి గమనించక, ఇంట్లోవాళ్ల ఫొటోలున్న డిస్క్ మీద కొత్త పట్టిక రాశాను. పాత పట్టికను ఎస్‌ఎఫ్‌డిస్క్ కమాండుతో వేరే చోట దాచి ఉంచినందువల్ల, ఇంకేమీ రాయకముందే దాన్ని తిరిగి పెట్టగలిగాను. పట్టిక కాపీ ఫైళ్లకు బ్యాకప్ కాదు. రెండూ విడివిడిగా ఉండాలి. ఎఫ్‌డిస్క్‌లో డబ్ల్యూ నొక్కేవరకు, జీపార్టెడ్‌లో అప్లై చేసేవరకు ఏదీ డిస్క్‌పై రాయబడదు, కానీ పార్టెడ్ ఆదేశం ఇచ్చిన వెంటనే రాసేస్తుంది. ఈ తేడా తెలియకుండా ఒకదాని అలవాటుతో మరొకటి వాడకూడదు. పార్టిషన్‌ను జరిపే పనికి గంటలు పట్టవచ్చు కనుక యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు.

పరీక్ష ముగిశాక ప్రోగ్రాము చూపిన సందేశాన్ని ఫలితంగా తీసుకోకూడదు. పార్టిషన్ మొదట్లో ఒక గుర్తు, 2 టెబీబైట్ల గీతకు అటూ ఇటూ ఒక్కో గుర్తు, చివరి సెక్టారులో మరొకటి రాయాలి. తర్వాత పరికరాన్ని తీసేసి మళ్లీ జోడించి అన్నింటినీ చదవాలి, ఎందుకంటే వెంటనే చదివితే డిస్క్ నుంచి కాక మెమరీలోని కాపీ నుంచే జవాబు రావచ్చు. చివర రాసిన గుర్తు మొదట్లో కనిపిస్తే సంఖ్య చుట్టు తిరిగిందని అర్థం. ఎంబీఆర్‌కు బదులుగా వచ్చిన జీపీటీ పట్టికలో సెక్టారు సంఖ్యకు 64 బిట్లు ఉన్నందున ఈ హద్దు అడ్డురాదు, కానీ దాని రెండో కాపీ డిస్క్ చివర ఉంటుంది కాబట్టి అది నిజంగా చివరి సెక్టారులోనే ఉందో లేదో పరీక్షించిన ప్రోగ్రాముతో కాకుండా మరో ప్రోగ్రాముతో చూడాలి.