కార్డోబాలో మొదట స్తంభాల తలలు చూడండి
బెజవాడ ఎండలు చూసినోళ్లం, మాకేంటి అని జూలైలో స్పెయిన్‌లోని కార్డోబా వెళ్లకండి, అక్కడా నలభై దాటేస్తుంది. ఏప్రిల్ బెస్ట్. సీతానగరం వైపు నుంచి బ్యారేజీ మీదుగా ఊళ్లోకి వచ్చినట్టు, కలాహోరా బురుజు దగ్గర మొదలుపెట్టి రోమన్ వంతెన మీద నది దాటండి. పేరుకే రోమన్, రిపేర్లు చాలా జరిగాయి.

ఎదురుగా మెస్కీటా. 785 ప్రాంతంలో మొదలైన మసీదు. అందరూ ఎరుపు తెలుపు చారల కమానులకే ఫొటోలు తీస్తారు, మీరు ముందు స్తంభాల పైభాగాలు చూడండి: పక్కపక్కవే ఒకదానికొకటి పోలిక ఉండదు, ఎందుకంటే చాలావాటిని పాత రోమన్ల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టారు, ఆ స్తంభాలు పొట్టిగా ఉండటంతో కప్పు ఎత్తు కోసం కమాను మీద కమాను కట్టారు. 1236లో ఊరు క్రైస్తవుల చేతికి పోయింది. 1523లో మసీదు నడిబొడ్డునే పెద్ద చర్చి లేపడం మొదలుపెట్టారు. మసీదు అయిపోయి చర్చి మొదలయ్యే చోట కాసేపు నిలబడండి, రెండడుగులు వేస్తే చాలు, చీకటి కమానుల్లోంచి తెల్లటి వెలుతుర్లోకి వచ్చేస్తారు.