అటారీ 2600లో సూపర్‌మ్యాన్ ఆటను పూర్తి చేసే విధానం

అటారీ 2600 అనే వీడియో గేమ్ కన్సోల్ కోసం 1979లో వచ్చిన సూపర్‌మ్యాన్ ఆటలో పాయింట్లు ఉండవు, ప్రాణాలు పోవు. తెర మీద నడిచే గడియారం ఒక్కటే పరీక్ష. అందువల్ల వేళ్ల వేగం కంటే ఊరి దారులు గుర్తుండటమే ఇక్కడ ముఖ్యం.

కన్సోల్‌లో అమర్చే ఆట పెట్టె, అంటే కార్ట్రిడ్జ్, పాతదైతే, ముందుగా దాని అంచున ఉన్న లోహపు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కన్సోల్ ఆపి ఉన్నప్పుడే అమర్చాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది కనుక ఆ అలవాటు మానుకోవడం మంచిది. అసలు కన్సోల్ దొరకనివారు కంప్యూటర్‌లో ఆ కన్సోల్‌లా పనిచేసే స్టెల్లా ఎమ్యులేటర్‌ను వాడవచ్చు.

ఆట మొదలవగానే క్లార్క్ కెంట్‌ను, అంటే మామూలు మనిషి వేషంలో ఉన్న సూపర్‌మ్యాన్‌ను, వంతెన వైపు నడిపించండి. విలన్ లెక్స్ లూథర్ దానిని పేల్చివేశాక టెలిఫోన్ బూత్‌లోకి వెళితే క్లార్క్ సూపర్‌మ్యాన్‌గా మారతాడు. ఇక వంతెన ముక్కలు మూడింటినీ వెతికి తెచ్చి దానిని నిలబెట్టాలి, లూథర్‌నూ అతని ముఠానూ ఒక్కొక్కరిగా పట్టుకుని జైలుకు చేర్చాలి. తెర అంచు దాటిన ప్రతిసారీ మరో తెర వస్తుంది కాబట్టి, మొదటి రెండు మూడు ఆటలలో గడియారాన్ని పట్టించుకోకుండా ఏ అంచు ఎక్కడికి తీసుకువెళుతుందో కాగితం మీద గీసుకోండి. జైలు, బూత్, వంతెన, సబ్‌వే ద్వారాలను తప్పక గుర్తించండి. ఎర్ర బటన్ నొక్కి జాయ్‌స్టిక్‌ను ఒక వైపుకు తిప్పితే ఎక్స్‌రే చూపుతో పక్క తెర కనిపిస్తుంది. దీనిని వాడనివారు ఖాళీ వీధుల్లో తిరుగుతూ ఎంతో సమయం పోగొట్టుకుంటారు. హెలికాప్టర్ వంతెన ముక్కలను ఎత్తుకుపోయి వేరేచోట పడవేస్తుంది, కనుక ఒకసారి చూసిన ముక్క అక్కడే ఉంటుందని అనుకోకూడదు.

సూపర్‌మ్యాన్‌ను బలహీనపరిచే క్రిప్టోనైట్ అనే పదార్థం తగిలితే ఎగిరే శక్తి పోతుంది. అప్పుడు నడిచి వెళ్లి విలేకరి లోయిస్ లేన్‌ను కలిస్తే, ఆమె ముద్దుతో శక్తి తిరిగి వస్తుంది.

బొమ్మలు మినుకుమినుకుమంటే కన్సోల్ పాడైందని కంగారు పడనక్కరలేదు. 128 బైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న ఈ యంత్రం ఒకేసారి చూపగల బొమ్మలు చాలా తక్కువ కావడంతో, ఎక్కువైనవాటిని వంతులవారీగా చూపుతుంది. వారెన్ రాబినెట్ రాస్తున్న అడ్వెంచర్ ఆట కోడ్‌ను ఆధారం చేసుకుని ఈ ఆట రాసిన జాన్ డన్ ఇంత ఊరిని ఇందులో ఇమిడ్చిన తీరు నాకు ఇప్పటికీ అబ్బురమే. స్టెల్లాలో ఫాస్ఫర్ సదుపాయాన్ని ఎంచుకుంటే ఆ మినుకు తగ్గుతుంది.

అందరూ జైలు చేరి, వంతెన నిలిచాక, మళ్లీ బూత్‌లో క్లార్క్‌గా మారి అతడు పనిచేసే వార్తాపత్రిక డైలీ ప్లానెట్ భవనంలోకి నడవండి. గడియారం అక్కడ ఆగుతుంది. ఆ సమయాన్ని మీరు గీసిన పటం మీదే రాసుకోండి.