అవార్డు వచ్చిన షెఫ్ థాంక్స్ చెప్పడం ఎలా

ఫలితం తెలియగానే ఫోన్ తీసి పోస్టు పెట్టేయకండి. ముందు ఇంట్లో చెప్పండి, ఆ తర్వాత సర్వీసుకు ముందు జరిగే బ్రీఫింగ్‌లో కిచెన్‌కు చెప్పండి. ఆ రోజు వీక్లీ ఆఫ్‌లో ఉన్నవాళ్లకు విడిగా ఫోన్ చేయాలి. తను పనిచేసే చోటికి అవార్డు వచ్చిందని వేరేవాళ్ల స్టేటస్‌లో చూసి తెలుసుకున్న మనిషికి, తర్వాత మీరెంత బాగా మాట్లాడినా మనసుకు ఎక్కదు.

పేర్ల జాబితా గుర్తున్నంత వరకు రాసేస్తే, పాస్ (వండిన ప్లేట్లు సర్వీసుకు అందించే బల్ల) దగ్గర కనిపించేవాళ్లే అందులో మిగులుతారు. గడిచిన ఏడాది డ్యూటీ రోస్టర్లు ముందేసుకుని రాయండి. సూ షెఫ్ (మీ తర్వాతి స్థానంలో ఉండే షెఫ్), గ్రిల్, పేస్ట్రీ ఎలాగూ వస్తాయి. జారిపోయేది గిన్నెలు కడిగేవాళ్లు, రాత్రి క్లీనింగ్, స్టోర్స్, సర్వీస్ స్టాఫ్. మధ్యలో మానేసినవాళ్లు కూడా: జ్యూరీ తిన్నది ఏప్రిల్‌లో అయితే, జూన్‌లో వెళ్లిపోయిన కమీకీ (జూనియర్ వంటమనిషికీ) ఆ ప్లేటులో చెయ్యి ఉంది. రెస్టారెంటు గైడ్ మిషెలిన్ 1926 నుంచి ఇస్తున్న స్టార్ కూడా రెస్టారెంటుకే ఇస్తారు, షెఫ్‌కు కాదు. ఉద్యోగం మారితే అది వెంట రాదు.

వేదిక మీద దొరికేది మహా అయితే రెండు నిమిషాలు. 150 మాటలకు మించకుండా రాసుకుని, గడియారం చూసుకుంటూ గట్టిగా చదవండి. చప్పట్లకు, గొంతు పూడుకుపోవడానికి ఇరవై సెకన్లు వదలాలి. ముప్పై పేర్లు చదివితే ఎవరూ వినరు. నలుగురైదుగురి పేర్లు చాలు, వాళ్లలో ఒకరు తప్పకుండా గిన్నెలు కడిగే విభాగం నుంచి ఉండాలి. పూర్తి జాబితా పోస్టులో పెట్టండి. "మా అద్భుతమైన టీమ్" అంటే ఎవరికీ తగలదు. "పొద్దున ఆరింటికి స్టాక్ (ఎముకలు, కూరగాయలు మరిగించే రసం) పొయ్యి మీద ఎక్కించి, పక్కనే నిలబడి నురగ తీసింది ఈమె" అంటే హాలంతా ఆమె వైపు తిరుగుతుంది. సగం మంది ఆడవాళ్లున్న కిచెన్‌ను "మా కుర్రాళ్లు" అనడం ఇంకా చాలామందికి అలవాటే. మానుకోండి.

ఇంటివాళ్ల గురించి ఒక్క వాక్యం చాలు, అది కూడా వాళ్లను అడిగాకే. పిల్లల జబ్బులు, అప్పులు, గొడవలు మైకులో చెప్పేవి కావు. అసలు థాంక్స్ రోస్టర్‌లో చూపించాలి: రాబోయే మూడు నెలలకు మీ వారపు సెలవు ముందే రాసిపెట్టి, ఆ రోజు ఆర్డర్ల మీద సంతకం చేసే అధికారం సూ షెఫ్‌కు ఇవ్వండి. అగ్నిప్రమాదం, గాయం, తిండి వికటించిందన్న ఫిర్యాదు, ఈ మూడింటికి తప్ప మీకు ఫోన్ రాకూడదు. సరుకు రాలేదనే ఫోన్ ఒక్కసారి ఎత్తారంటే మళ్లీ మొదటికే.

నగదు బహుమతి ఉంటే పన్ను పోగా మిగిలినదాన్ని హోదాను బట్టి కాక, పనిచేసిన గంటల లెక్కన పంచండి. పంచే మొత్తం 1,00,000, అందరి గంటలూ కలిపి 20,000 అనుకుంటే గంటకు 5. 1,600 గంటలు చేసినవాళ్లకు 8,000. లెక్క కాగితం నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూసిన లెక్క పుట్టించే గొణుగుడు, అసలు డబ్బే పంచకపోయినా రాదు.

పార్టీ రెస్టారెంటు మూసి ఉన్న రోజే పెట్టండి. వంట, గిన్నెలు రెండూ బయటివాళ్లకు అప్పగించండి. టీమ్‌కు విందని చెప్పి ఆఖరున కమీ చేతే గిన్నెలు తోమిస్తే ఆ పార్టీ పెట్టకపోవడమే నయం.

ఎక్కువగా బెడిసికొట్టేది ఆ తర్వాతే. బుకింగులు ఎగబడతాయి, 80 కవర్లు (ఒక పూట భోజనం చేసేవాళ్ల లెక్క) పట్టే కిచెన్‌లో 110 తోస్తారు, ప్రెప్ (సర్వీసుకు ముందు చేసిపెట్టుకునే తయారీ) చాలదు, స్టాఫ్ మీల్ నిలబడి తినే పని అవుతుంది, నెల తిరిగేసరికి రాజీనామాలు మొదలవుతాయి. కొత్తవాళ్లు తమ స్టేషన్‌లో (గ్రిల్, పేస్ట్రీ లాంటి విభాగంలో) కుదురుకునేదాకా, అంటే కనీసం ఆరు వారాలు, కవర్ల సంఖ్య పెంచకండి. యజమాని వేరైతే ఈ మాట అవార్డు వచ్చిన వారంలోనే అడగాలి, మీ మాట బాగా చెల్లేది అప్పుడే.

మానేసినవాళ్లకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ మళ్లీ రాసివ్వండి: ఏ స్టేషన్, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఆ కాలానికి వచ్చిన అవార్డు పేరు.