జాజ్, రాక్ రికార్డులు కొందామనుకుంటే పాలకొల్లు నుంచి మొదలెట్టండి

మా నరసాపురంలో ఎవరైనా ఇంటికొచ్చి రికార్డులు చూసి "నేనూ కొందామనుకుంటున్నానండీ, ముందు ఏది కొనమంటారు" అని అడిగితే నేను చెప్పే మొదటి పేరు మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిదండి. ఆయన పుట్టింది 1969లో, పాలకొల్లులోనే. కచేరీల్లో త్యాగరాజ కృతులు వాయించిన ఆ చెయ్యే జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండ్ గిటారిస్టు పక్కన కూచుని రిమెంబర్ శక్తి గ్రూపులోనూ వాయించింది. 2000లో వచ్చిన ఆ గ్రూపు ఆల్బమ్ ది బిలీవర్ ఒకసారి వినండి, మాండలిన్ ఎక్కడ వదిలిందో గిటారు ఎక్కడ అందుకుందో వెతుక్కోవాలి. మన చెవికి ఆ మాండలిన్ తెలుసు కాబట్టి కొత్త అనిపించదు.

ఇక్కణ్ణించి నా పద్ధతి ఒక్కటేనండి, అట్ట వెనకాల పేర్లు చదవడం, ఒక మనిషిని పట్టుకుని అతను ఇంకెవరితో వాయించాడో చూసి ఆ రికార్డుకి పోవడం. టాప్ హండ్రెడ్ లిస్టులు చూసి కొన్నవి నా దగ్గర కొన్ని ఇప్పటికీ రెండోసారి పెట్టకుండా ఉన్నాయి, ఇలా వెతుక్కుంటూ పోయి కొన్నది మాత్రం ఒక్కటీ వృథా పోలేదు.

మెక్‌లాఫ్లిన్‌ని పట్టుకుని వెనక్కి పోతే 1976లో ఆయన అంతకుముందు గ్రూపు శక్తి మొదటి ఆల్బమ్, అందులో విక్కు వినాయక్‌రామ్ గారి ఘటం, జాకిర్ హుస్సేన్ తబలా, ఎల్. శంకర్ వయొలిన్. ఇంకా వెనక్కి 1971లో ఆయనదే ఇంకో గ్రూపు, మహావిష్ణు ఆర్కెస్ట్రా వాళ్ళ ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్, ఇది రాకూ అవును జాజూ అవును, సౌండ్ కొంచెం తగ్గించి మొదలెట్టండి. ఇంకా వెనక్కి పోతే 1969లో అమెరికన్ జాజ్ బాకా విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ఇన్ ఎ సైలెంట్ వే, అందులో గిటారు మెక్‌లాఫ్లిన్‌దే.

మైల్స్ దాకా వచ్చారంటే 1959 నాటి ఆయన ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ కొనేయండి, ఆలోచించక్కర్లేదు. మొదటి పాట సో వాట్‌లో బాస్, అంటే మంద్రంగా పలికే పెద్ద తీగవాయిద్యం, ఒక మాట అంటుంది, ముందు పియానో, తర్వాత బాకా, శాక్సఫోన్లు రెండే రెండు దెబ్బల్లో జవాబిస్తాయి, బుర్రకథలో కథకుడి మాటకి పక్కన వంతలు తందానా అన్నట్టే ఉంటుంది. అందులో శాక్సఫోన్ వాయించినవాళ్ళలో ఒకరు జాన్ కోల్ట్రేన్. ఆయన ఎ లవ్ సుప్రీమ్ 1965లో వచ్చింది, చివరి భాగంలో తను దేవుడి మీద రాసుకున్న కవితని నోటితో కాకుండా శాక్సఫోన్ మీదే మాట మాటా చదివాడు. కొన్నా వెంటనే పెట్టకండి, కైండ్ ఆఫ్ బ్లూ ఓ పాతికసార్లు అయ్యాక పెట్టండి.

రాక్ వైపు దారి కూడా ఇదే. మహావిష్ణు వాళ్ళ 1974 ఆల్బమ్ అపొకలిప్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, అంటే ఇంగ్లండ్ రాక్ గ్రూపు బీటిల్స్ ప్రొడ్యూసరే. అలా బీటిల్స్ ఆల్బమ్‌లు 1966 రివాల్వర్, 1969 అబే రోడ్. అబే రోడ్‌కి అసిస్టెంట్ రికార్డింగ్ ఇంజినీరుగా చేసిన అలన్ పార్సన్స్, 1973లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ గ్రూపు ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్‌కి రికార్డింగ్ ఇంజినీరు. అందులో మనీ పాట ఏడు దెబ్బల మీద నడుస్తుంది, తొడ మీద తాళం వేసుకుంటూ వినండి, గిటారు సోలో దగ్గర నాలుగులోకి మారిపోతుంది.

ఈ వరసలో లేకపోయినా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ టైమ్ అవుట్ కూడా ఉండాలండి, అందులో టేక్ ఫైవ్ పాటలో ఐదు దెబ్బలు, తకిట తక.

పాత రికార్డు కొనేటప్పుడు ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి, గీత మీద గోరు పెట్టి లాగితే గోరు తట్టుకుంటే పాటలోనూ టిక్కుటిక్కుమంటుంది, వదిలేయండి. బోరు నీళ్ళతో మాత్రం కడగొద్దు, మా వైపు నీళ్ళు ఉప్పు, నేను ఓసారి కడిగితే ఆరాక గాడుల్లో తెల్లటి చార కట్టింది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ మెత్తటి గుడ్డా చాలు, ఎండలో ఆరబెట్టకండి. నిలబెట్టి సర్దండి, గోడకి ఆనించకండి, వానాకాలం తేమకి అట్టలు బూజు పడతాయి. గోదావరి పెరుగుతోందంటే అటక ఎక్కించండి, కానీ ఎండలు ముదిరేలోపు మర్చిపోకుండా దించేయండి, పెంకుల కింద వేడికి రికార్డు అప్పడంలా వంకర పోతుంది.