మునగకి ఎరువు ఎంత, నీళ్లు ఎప్పుడు

మునగ మొక్క నీళ్లు లేక చనిపోయేది తక్కువ, నీళ్లు ఎక్కువై చనిపోయేదే ఎక్కువ. మన నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వింజమూరు వైపు ఎర్ర గరప నేలల్లో తడి తొందరగా ఇంకుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అదే నల్లరేగడిలో అయితే అక్టోబరు, నవంబరు వానలకి మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిచి వేరు కుళ్లిపోతుంది. మనకి పెద్ద వానలన్నీ అప్పుడే కదా, అందుకని నల్లనేలలో మట్టి ఎత్తుగా కట్టపోసి దాని మీదే నాటండి.

గుంట అన్ని వైపులా అడుగున్నర ఉండేలా తీసి, పైమట్టిలో 10 నుంచి 15 కిలోల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. మాగిందో లేదో చూడకుండా దిబ్బలో నుంచి తెచ్చి వేసేస్తుంటారు, చెదలు, వేరుపురుగు వచ్చేది అక్కడే. ఎరువు పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలాలి, మట్టి వాసన రావాలి. పేడ కంపు కొట్టినా, లోపల చెయ్యి పెడితే వేడి తగిలినా ఇంకా ఆగండి.

పీకేఎం-1 లాంటి ఏడాది రకమైతే (గింజ వేసిన ఏడాదిలోనే కాపుకొచ్చేది) గుంటకి 2 గింజలు, అంగుళం లోతున చాలు. మూడో నెలలో మొక్కకి 100 గ్రాముల యూరియా, 100 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 50 గ్రాముల పొటాష్, ఆరో నెలలో ఇంకో 100 గ్రాముల యూరియా. మొదలుకి ఆనించకుండా అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి వేసి, వెంటనే తడి ఇవ్వాలి. అంతకు మించి యూరియా గుమ్మరిస్తే చెట్టు ఏపుగా పెరిగి ఆకు దట్టంగా వస్తుంది కానీ పూత ఉండదు. ఆకు కోసమే పెంచేవాళ్లకి అది లాభమే, కాయ కావాలనుకునేవాళ్లకి నష్టం.

ఇక నీళ్లు. మొలిచాక మొదటి రెండు నెలలు పాదు ఆరిపోకుండా చూసుకోండి, ఆ తర్వాత నేలని బట్టి పది, పదిహేను రోజులకి ఒక తడి సరిపోతుంది. ఆకు పసుపు రంగుకి తిరిగిందని టెన్షన్ పడి మళ్లీ నీళ్లు పెట్టేస్తారు చూడండి, అది అసలు వద్దు, ఎందుకంటే నీళ్లు తక్కువైనా ఎక్కువైనా ఆకు పండేది ఒకేలా. మొదలుకి జానెడు దూరంలో నాలుగు వేళ్ల లోతు తవ్వి మట్టిని ఉండ చెయ్యండి. ఉండ కట్టి చేతికి అంటుకుంటే తడి ఉన్నట్టే, నీళ్లు ఆపేయాలి. పొడిగా రాలిపోతే పెట్టాలి. పూత మీద ఉన్నప్పుడు మాత్రం మరీ జాగ్రత్త: బాగా ఎండబెట్టి ఒక్కసారిగా నిండా పారిస్తే పూత జలజలా రాలుతుంది, అందుకే అప్పుడు కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా ఇవ్వాలి. డ్రిప్ ఉంటే ఈ పని తేలిక.

కాయ కోతలు అయిపోయాక చెట్టుని మూడడుగుల ఎత్తులో నరికి, పాదు తవ్వి మళ్లీ పశువుల ఎరువు వేసి తడిపితే కొత్త కొమ్మలు వస్తాయి, నాలుగైదు నెలల్లో మళ్లీ కాయ కోసుకోవచ్చు.